అరటి బోదె నుంచి నార తీసి సోడాతో శుద్ధి చేయడం ఎలా

అరటి చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల దించాక ఆ బోదెను నరికి పక్కన పడేయడమే తప్ప దానిలో ఏముందో చూసేవాళ్లు తక్కువ. ఆ పట్టల్లో మంచి నార ఉంది. దాన్ని చేత్తో గీరి తీయడం, సోడాతో ఉడికించి జిగురు వదలగొట్టడం, కావాలంటే తెల్లగా చేయడం, ఇవన్నీ వరుసగా చెబుతాను. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. ఓపిక, నీళ్లు మాత్రం బాగా కావాలి.

పనిలోకి దిగే ముందు ఒక సంగతి అర్థం చేసుకుంటే సగం తప్పులు జరగవు. నారలో మనకు కావలసింది సెల్యులోజ్. గ్లూకోజ్ అణువులు దండలా గుచ్చుకుంటూ పోయిన పొడవాటి గొలుసు అది. 1838లో ఆన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మొక్కల నుంచి దాన్ని విడదీసి చూపించాడు. మొక్కలో అది ఒంటరిగా ఉండదు. పెక్టిన్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పెక్టిన్‌ను జిగురు అనుకోండి, లిగ్నిన్‌ను సిమెంటు అనుకోండి. క్షారంలో, అంటే సోడా కలిపిన నీళ్లలో వేస్తే పెక్టిన్, హెమిసెల్యులోజ్ తొందరగా కరుగుతాయి, లిగ్నిన్ మొండికేస్తుంది, సెల్యులోజ్ చాలావరకు నిలబడుతుంది. మనం చేసే పనంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. మీ చేతికి వచ్చే మూడడుగుల పోగు ఒకే కణం కాదు. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పొడవున్న బుల్లి కణాలు వేలకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని ఆ పోగు అయింది. వాటిని అతికించింది కూడా మనం తీసేయాలనుకుంటున్న ఆ జిగురే. మొత్తం వదిలించేశారంటే పోగు ఉండదు, తడి దూదిలాంటి ముద్ద మిగులుతుంది. జనపనారదీ ఇదే కథ. రామీ అనే మొక్కలో ఒక్కో కణమే పది సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి దాని జిగురు పూర్తిగా తీసినా నూలు వడకవచ్చు. అవిసె నార వీటికి మధ్యలో ఉంటుంది, దాని కణం మూడు సెంటీమీటర్ల చుట్టుపక్కల. అరటికి ఆ సౌకర్యం లేదు. అందుకని ఎక్కడ ఆపాలో తెలియడమే ఇందులో అసలు నేర్పు. మొదటిసారి నేను కాస్టిక్ సోడా దండిగా వేసి, వేడి చేసి, ఒక రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే గిన్నెలో గోధుమరంగు గంజి!

కావలసినవి

స్టీలు గిన్నె, చెక్క పలక, మొండి అంచున్న స్టీలు స్కేలు, వెడల్పు పళ్ల దువ్వెన, గ్రాముల్లో తూచే తూకం, థర్మామీటరు, పీహెచ్ కాగితం (నీళ్లలో ఆమ్లం ఉందో క్షారం ఉందో రంగుతో చూపేది, 7 అంటే రెండూ కాదు), వెనిగర్. రసాయనాల్లో వాషింగ్ సోడా గానీ కాస్టిక్ సోడా గానీ. తెలుపు చేయాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. గ్లవ్స్, కళ్లకు పక్కల నుంచి కూడా మూసుకునే అద్దాలు. ఈ చివరి రెండూ లేకపోతే కాస్టిక్ సోడా డబ్బా మూత తీయకండి.

అల్యూమినియం గిన్నె పనికిరాదు. కాస్టిక్ సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది, అది నిప్పంటుకునే వాయువు. ఇనప గిన్నె కూడా వద్దు. తుప్పు నారకు మచ్చ వేస్తుంది, తెలుపు చేసే దశలో ఇంకా పెద్ద నష్టం చేస్తుంది. అది అక్కడ చెబుతాను.

నార తీయడం

బోదెను నరికిన రోజునో మరునాడో పని మొదలుపెట్టండి. నిలవ ఉంటే అందులోని పాలు గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతాయి, ఆ రంగు నారకు పడుతుంది. ఆ పాలు బట్టలకు అంటితే ఎంత ఉతికినా పోవు, పాత బట్టలు వేసుకోండి.

బోదె అంటే ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న ఆకు పట్టలే. బయటి రెండు మూడు పట్టలు ఎండి, చీరుకుపోయి ఉంటాయి. వాటి నార ముతకగా ఉంటుంది, తాళ్లకు పనికొస్తుంది. మరీ లోపలివి లేతగా ఉంటాయి, గీరుతుంటేనే తెగిపోతాయి. మధ్యలోవి మంచివి. మొదటిసారి చేసేవాళ్లు వీటితోనే మొదలుపెడితే నిరుత్సాహం ఉండదు.

పట్టను ఊడదీసి, నిలువునా నాలుగు వేళ్ల వెడల్పు ముక్కలుగా చీల్చండి. పట్టకు బయటివైపు నున్నగా ఉంటుంది, లోపలివైపు తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది. గట్టి నార ఎక్కువగా బయటి పొరలోనే ఉంటుంది. కాబట్టి ముందుగా లోపలి గదుల పొరను ఒలిచేయండి. ఇలా చేస్తే గీరాల్సింది సగానికి తగ్గిపోతుంది.

ఇప్పుడు ముక్కను పలక మీద నున్నటివైపు కిందికి ఉండేలా పరిచి, ఒక చివర ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోండి. స్కేలును కొంచెం వాల్చి పట్టుకుని మధ్య నుంచి చివరకు గీరండి. నీళ్లు, గుజ్జు ముందుకు కొట్టుకుపోతాయి, నార కింద మిగులుతుంది. నాలుగైదు సార్లు గీరాక ముక్కను తిప్పి రెండో సగాన్నీ అలాగే గీరండి. తర్వాత బోర్లించి, పైన ఉన్న నున్నటి చర్మాన్ని తేలిగ్గా గీకండి. పదునైన కత్తి వాడితే గుజ్జుతో పాటు నార కూడా తెగిపోతుంది. బలం కాదు, వాటం ముఖ్యం. మొదటి పది ముక్కలు పాడవుతాయి, అది లెక్కలోకి రాదు.

గీరిన నారను వెంటనే నీళ్లలో జాడించి, తడిగా ఉండగానే దువ్వి, నీడలో వేలాడదీయండి. బోదెలో తొంభై శాతానికి పైగా నీరే, కాబట్టి చేతికొచ్చే ఎండు నార చూసి నీరసపడకండి. పచ్చి బరువులో ఒక శాతం దాకా వస్తే చేతి పనికి బాగానే వచ్చినట్టు.

మీ దగ్గర ఉన్నది గోగు, జనుము, జనపనార లాంటి మొక్క అయితే దారి వేరు. వాటి నార కాండం బెరడులో ఉంటుంది, గీరితే రాదు. పూత దశలో కోసి, కట్టలు కట్టి, బరువు పెట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వదలాలి. నీళ్లలోని బ్యాక్టీరియా పెక్టిన్‌ను తిని బెరడును వదులు చేస్తుంది. వెచ్చటి నీళ్లలో పది రోజుల నుంచి మూడు వారాల దాకా పడుతుంది. వారం దాటాక రోజూ ఒక కాడ తీసి చూడండి. బెరడును బొటనవేలితో తోస్తే పుల్ల నుంచి జారిపోతే ఆ రోజే తీసేయాలి, ఒక్కరోజు బద్ధకించినా నార బలం పోతుంది. వాసన గురించి ముందే చెబుతున్నా, భరించలేరు. కిత్తనారకు నానబెట్టే పని లేదు, అరటిలాగే పచ్చిగా గీరడమే. కాకపోతే దాని రసం చర్మానికి తగిలితే దురద, మంట. గ్లవ్స్ వేసుకోండి.

శాతాల దగ్గర పడే గొడవ

నార ఎండాక ఒక రోజంతా గదిలో వదిలి తూచండి. ఎండు నార గాలిలోని తేమను తన బరువులో దాదాపు పదో వంతు దాకా పీల్చుకుంటుంది. సోడాకు ముందు, తర్వాత తూచే రెండుసార్లూ ఒకేలా ఆరబెట్టకపోతే ఎంత జిగురు పోయిందో తెలియదు.

ఇక్కడ లెక్కంతా వంద గ్రాముల ఎండు నారకు చెబుతున్నాను. నారకు ఇరవై రెట్లు నీళ్లు, అంటే రెండు లీటర్లు. నీళ్లు తక్కువైతే కొన్ని పోగులకే సోడా పట్టి, మధ్యలో ఉన్నవి పచ్చిగా మిగిలిపోతాయి.

ఐదు శాతం కాస్టిక్ సోడా అని ఎక్కడైనా చదివితే ముందు అడగాల్సిన ప్రశ్న, దేనిలో ఐదు శాతం? ద్రావణంలో ఐదు శాతమైతే రెండు లీటర్లకు వంద గ్రాములు. నార బరువులో ఐదు శాతమైతే ఐదే గ్రాములు. ఇరవై రెట్ల తేడా! బట్టల మిల్లుల లెక్కలు తరచు నార బరువు మీద ఉంటాయి, ల్యాబుల్లో రాసేవి ద్రావణం మీద ఉంటాయి. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే నార ముద్దయినా అవుతుంది, ఏ మార్పూ లేకుండా అలాగే అయినా ఉండిపోతుంది. నేను చెప్పేవన్నీ ద్రావణంలో శాతాలే.

సోడాతో శుద్ధి

మొదటిసారి వాషింగ్ సోడాతో చేయండి. వంటసోడా కాదు, అది ఇంతకంటే చాలా బలహీనం. లీటరుకు 20 గ్రాముల చొప్పున రెండు లీటర్లలో 40 గ్రాములు కరిగించి, నారను ముంచి, సన్నటి మంట మీద గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచండి. తెర్లి పొంగాల్సిన పని లేదు. మీకు దొరికింది పొడి కాకుండా నీళ్లతో కూడిన పెద్ద స్ఫటికాలైతే బరువులో సగానికి పైగా నీరే ఉంటుంది, కాబట్టి రెండున్నర రెట్లకు పైగా తీసుకోవాలి. వాషింగ్ సోడా పెక్టిన్‌ను, మైనాన్ని, అంటుకున్న గుజ్జును తీస్తుంది, లిగ్నిన్ జోలికి పెద్దగా పోదు. బుట్టలకు, తాళ్లకు, చేతి నేతకు ఇంతకు మించి అవసరం లేదని నా అభిప్రాయం.

ఇంకా మెత్తగా, పోగులు ఇంకా సన్నగా విడిపోవాలంటే కాస్టిక్ సోడా. ముందు గిన్నెలో రెండు లీటర్ల చన్నీళ్లు పోయండి. వాటిలో 100 గ్రాముల కాస్టిక్ సోడాను కొంచెం కొంచెంగా చల్లుతూ కలపండి. ఎప్పుడూ నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. ఈ మోతాదుకు నీళ్లు మొత్తంగా పన్నెండు పదమూడు డిగ్రీలే వేడెక్కుతాయి. అదే సోడా కుప్ప మీద కాసిని నీళ్లు పోస్తే అక్కడికక్కడ మరిగి మొహం మీదకు చిమ్ముతుంది. కిటికీలు తెరిచి ఉంచండి. చర్మం మీద పడితే ధారగా నీళ్లు పోసి కడగండి. కంట్లో పడితే కనీసం పావుగంట నుంచి అరగంట నీళ్లతో కడుగుతూనే ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వెళ్లాలి. వెనిగర్ పోసి విరుగుడు చేద్దామని చూడకండి, అది గాయాన్ని పెంచుతుంది.

ద్రావణం చల్లారాక నారను ముంచి, గది వేడిలోనే రెండు గంటలు ఉంచండి. ఇంత గాఢతలో పొయ్యి మీద పెట్టకండి. వేడిగానే చేయాలనుకుంటే గాఢతను ఒక శాతానికి తగ్గించి, 90 డిగ్రీల దగ్గర ఒక గంట చాలు. రెండింటిలో ఏదో ఒకటే. గాఢత, వేడి, సమయం మూడూ పెంచినవాడికే గంజి దక్కుతుంది.

ఏ పద్ధతైనా నార పూర్తిగా మునిగి ఉండాలి. వేడి క్షారంలో తడిసి, పైకి తేలి గాలి తగిలిన భాగంలో సెల్యులోజ్ గొలుసు ఆక్సిజన్ వల్ల తెగిపోతుంది. మధ్యలో బాగుండి కొసల్లో మాత్రం పుటుక్కున తెగిపోయే నార వచ్చిందంటే కారణం చాలాసార్లు ఇదే. పైన ఒక స్టీలు జల్లెడ బోర్లిస్తే సరిపోతుంది.

ద్రావణం టీ రంగుకు, తర్వాత కాఫీ రంగుకు మారుతుంది. రంగు చూసి ఆపేయకండి, అది మోసం చేస్తుంది. అరగంటకోసారి ఒక పోగును పుల్లతో బయటికి లాగి, కడిగి, రెండు చేతుల వేళ్ల మధ్య సాగదీయండి. జారుడు తగ్గి, పోగు సన్నటి పాయలుగా విడుతూ, లాగితే ఇంకా ఎదురు తిరుగుతుంటే బాగుంది. తెగినచోట గరుకు కొసలు కనిపిస్తే కూడా ఫర్వాలేదు. లాగగానే ఎదురు లేకుండా విడిపోయి తడి కాగితంలా వచ్చేస్తే సమయం మించిపోయింది, అప్పటికప్పుడు తీసి కడిగేయండి.

కడగడం

శుద్ధి చెడేది ఎక్కువగా ఇక్కడే. పోగు లోపల గొట్టంలాంటి ఖాళీలు ఉంటాయి, సోడా వాటిలో దాక్కుంటుంది. పైన నీళ్లు తేటగా కనిపించినా లోపలిది మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. అలా మిగిలిన సోడాతో ఆరిన నార కొన్నాళ్లకు పచ్చబడి పెళుసెక్కుతుంది.

మొదటి రెండు కడుగులు వేడినీళ్లతో కడగండి. చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోస్తే కరిగిన జిగురు మళ్లీ పోగుల మీదే పేరుకుంటుంది. తర్వాత మామూలు నీళ్లతో మూడు నాలుగు సార్లు. ఆపైన ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ముంచండి. ఆ వెనిగర్‌ను కూడా మళ్లీ నీళ్లతో పూర్తిగా కడిగేయాలి. క్షారం సెల్యులోజ్ గొలుసును ఎక్కువగా కొసల నుంచి కొరుకుతుంది, ఆమ్లమైతే మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెంచుతుంది. అందుకే ఆమ్లం మిగిలిపోవడం ఇంకా చేటు. ఆఖరున నారను పిండి, ఆ నీటిబొట్టుకు పీహెచ్ కాగితం తాకించండి. గిన్నెలో నీళ్లకు కాదు, పిండిన బొట్టుకు. 7 దగ్గర ఉంటే చాలు.

ఆరాక తూచండి. నా అనుభవంలో 15 నుంచి 20 శాతం బరువు తగ్గిన నార నేతకు, అల్లికకు చక్కగా ఉంటుంది. 30 దాటితే అది కాగితం గుజ్జు దారి పట్టినట్టే. కాగితమే మీ ఉద్దేశమైతే మాత్రం అది నష్టం కాదు. నారను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఇంకో గంట ఉడికించి, చెక్క సుత్తితో దంచితే మంచి గుజ్జు వస్తుంది.

నారలో పిండిపదార్థం మిగిలిందేమో చూడాలంటే కడిగిన పోగు మీద ఒక చుక్క అయోడిన్ టింక్చర్ వేయండి. నీలం వస్తే పిండి ఉన్నట్టు, పురుగులు, బూజు దాని కోసమే వస్తాయి. సెల్యులోజ్ ఒక్కటే ఉంటే అయోడిన్ రంగు అలాగే ఉండిపోతుంది.

తెలుపు చేయడం, అదీ కావాలనుకుంటేనే

సోడా తర్వాత నార గోధుమ పసుపు రంగులో ఉంటుంది. నాకు ఆ రంగే ఇష్టం. తెల్లగా కావాలంటే పెరాక్సైడ్ వాడండి. బట్టల బ్లీచింగ్ ద్రావణం, అంటే హైపోక్లోరైట్, వద్దు. లిగ్నిన్ ఉన్న నారను అది పసుపు పచ్చగా చేస్తుంది. పైగా దానికి వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ తగిలితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. మనం ఇంతకు ముందే వెనిగర్ వాడాం, మరిచిపోవద్దు.

మూడు శాతం పెరాక్సైడ్ 400 మిల్లీలీటర్లకు 1600 మిల్లీలీటర్ల నీళ్లు కలపండి. పది గ్రాముల వాషింగ్ సోడా వేయండి. పెరాక్సైడ్ క్షారంలోనే పనిచేస్తుంది, పీహెచ్ 10.5 నుంచి 11 మధ్య ఉండాలి. సోడియం సిలికేట్ దొరికితే అదీ పది గ్రాములు వేయండి, పెరాక్సైడ్ ఒక్కసారిగా విరిగిపోకుండా నిదానంగా పనిచేసేలా చూస్తుంది. 70 డిగ్రీల దగ్గర ముప్పావు గంట. సిలికేట్ లేకపోతే 60 దాటనివ్వకండి. ఆక్సిజన్ బుడగలు వస్తూనే ఉంటాయి, కాబట్టి గిన్నెకు బిగుతుగా మూత పెట్టకూడదు.

ఇనుము సంగతి ఇక్కడ. గిన్నెలో తుప్పు రవ్వ ఉన్నా, నారకు ఇనప మరక ఉన్నా, అక్కడ పెరాక్సైడ్ మితిమీరి విరిగి ఆ చోట నారను తినేస్తుంది. నార అంతా బాగుండి అక్కడక్కడా సూదితో పొడిచినట్టు తెగిపోతే ఇనుమే కారణం.

మళ్లీ కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎంత తెల్లబడినా లిగ్నిన్ కొంత లోపలే ఉంటుంది కాబట్టి ఎండలో ఉంచితే కొన్ని నెలల్లో పసుపెక్కుతుంది. పాత వార్తాపత్రిక పసుపెక్కేదీ ఇందుకే.

మెర్సరైజింగ్ గురించి అడిగేవాళ్లు ఉంటారు. అది పత్తికి చేసే పని. 1850లో జాన్ మెర్సర్ పేటెంటు తీసుకున్నాడు. 20 శాతం చుట్టుపక్కల కాస్టిక్‌లో సెల్యులోజ్ ఉబ్బి, దాని స్ఫటిక అమరికే మారిపోతుంది. దారం కురచబడకుండా లాగి పట్టుకుని చేస్తే మెరుపు వస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లో కనిపెట్టాడు. జిగురే ఆధారంగా నిలబడ్డ అరటి నారకు అంత గాఢత పెట్టడం దండగ. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో నానో సెల్యులోజ్, అంటే కంటికి కనిపించనంత సన్నటి సెల్యులోజ్ రేణువులు, చేసే పద్ధతి కూడా కనిపిస్తుంది. 64 శాతం ఆమ్లంతో చేసే ఆ పని ఫ్యూమ్ హుడ్ (విష ఆవిరిని బయటికి లాగేసే గూడు) ఉన్న ల్యాబుదే, ఇంటిది కాదు.

మిగిలిన నీళ్లు

కాఫీ రంగు నీళ్లను చెట్ల మొదట్లోనో చెరువులోనో పారబోయకండి. చల్లారాక గ్లవ్స్ తీయకుండానే వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ కొంచెం కొంచెంగా కలుపుతూ పీహెచ్ 8 కిందకు తీసుకురండి. వాషింగ్ సోడా నీళ్లయితే నురగ పొంగుతుంది, గిన్నె సగానికి మించి నిండి ఉండకూడదు. అడుగున గోధుమరంగు మడ్డి దిగవచ్చు, కరిగి బయటికొచ్చిన లిగ్నిన్ అందులో ఉంటుంది. తేటను బాగా నీళ్లు కలిపి డ్రైనేజీలో పోయండి. మడ్డిని వడకట్టి, ఆరబెట్టి చెత్తలో వేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నీళ్లను మాత్రం ఒక రోజు మూత లేకుండా వదిలేసి, బుడగలు ఆగాక పారబోయండి.